చేతిలో కుంచె, ఒళ్లో ట్యాబ్

ప్రశ్న: ఆరేళ్లుగా నీటిరంగులు వేస్తున్నాను. పోయిన సంక్రాంతికి అన్నయ్య ట్యాబ్, పెన్ను కొనిచ్చాడు. కాగితం మీద వచ్చే గీత దాని మీద రావడం లేదు, వణుకుతోంది. అన్‌డూ నొక్కడమే సరిపోతోంది, ఒక్క బొమ్మా పూర్తి కాలేదు. మా డ్రాయింగ్ మాస్టారేమో అది కంప్యూటర్ వేసే బొమ్మ, నువ్వు వేసేది కాదంటున్నారు. ఇన్నేళ్లు నేర్చుకున్నదంతా వృథాయేనా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: వృథా కాదమ్మా. ముందు ఆ వణుకు సంగతి చూద్దాం. కాగితానికి గరుకు ఉంటుంది, అద్దానికి ఉండదు, అందుకే పెన్ను జారుతోంది. కాగితంలా గరుకుగా ఉండే స్క్రీన్ షీట్లు దొరుకుతాయి, ఒకటి అంటించండి. బాగా జూమ్ చేసి వేళ్లతో గీయకుండా, బొమ్మంతా కనబడేలా పెట్టుకుని మోచేతి నుంచి చెయ్యి కదపండి.

అసలు చిక్కు అన్‌డూతోనే. నీటిరంగుల్లో తెలుపంటే మనం వదిలేసిన కాగితమే కదా, ఒకసారి రంగు పడిందంటే ఆ వెలుగు మళ్లీ రాదు, అందుకే వాష్, అంటే పల్చటి రంగు పూత, వేసే ముందే ఎక్కడ వదలాలో మనసులో తేల్చుకుంటాం. మీరు ఆరేళ్లు నేర్చుకున్నది ఆ తేల్చుకోవడమే. ట్యాబ్ చేతికి రాగానే, ఎలాగూ చెరపొచ్చు కదా అని సరిగ్గా చూడకుండానే గీత పెట్టేస్తాం. నాకూ అదే జరిగింది, దాదాపు ఏడాది పాటు.

మీ మాస్టారికి డేవిడ్ హాక్నీ బొమ్మలు చూపించండి. 1937లో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టిన చిత్రకారుడు. ఆక్రిలిక్, ఆయిల్ రంగులతో ఎంతో పేరు వచ్చాక కూడా, 1980ల్లో పోలరాయిడ్ ఫొటోలు పక్కపక్కన పేర్చి బొమ్మలు చేశారు, జిరాక్స్ మెషీన్ మీద ప్రింట్లు తీశారు, ఫ్యాక్స్‌లో బొమ్మలు పంపారు. ఆ తర్వాత యార్క్‌షైర్ పల్లెల్లో తిరుగుతూ నీటిరంగులు పట్టుకున్నారు. 2007లో 50 కాన్వాసులు కలిపి 12 మీటర్ల వెడల్పున చెట్ల బొమ్మ వేశారు. అంత బొమ్మను ఒక్కచోట నిలబెట్టి చూసుకునే చోటు లేక, వేసినంత వరకూ ఫొటోలు తీసి కంప్యూటర్లో అతికించి చూసుకుంటూ ముందుకెళ్లారు. అంటే ఆయిల్ బొమ్మకే కంప్యూటర్ సాయం చేసింది.

డెబ్బై దాటాక ఐఫోన్ మీద మొదలుపెట్టారు. మంచం మీద నుంచే కిటికీలో తెల్లవారడం గీసేవారు. నాకు ఆయన కథలో బాగా నచ్చేది ఇదే. కాగితం మీద గీయాలంటే లైటు వేయాలి, లైటు వేస్తే ఆ చీకటి వెలుగు పోతుంది. ఫోన్‌కి తన వెలుగు తనకే ఉంది, రంగు ఆరేదాకా ఆగక్కర్లేదు. 2010లో ఐప్యాడ్ రాగానే అది తీసుకున్నారు, 2011లో వోల్డ్‌గేట్ అనే పల్లె రోడ్డు మీద వసంతం వచ్చే తీరును 51 ఐప్యాడ్ బొమ్మలుగా, దాంతోపాటు 32 కాన్వాసుల పెద్ద ఆయిల్ బొమ్మగా వేశారు. 2012లో లండన్ రాయల్ అకాడమీలో ప్రదర్శించారు. కంప్యూటరే వేసేదైతే ఆ రోడ్డు పక్కన చలిలో అన్ని రోజులు ఆయన నిలబడాల్సిన పనేముంది?

మీరు ఒక నెల ఇలా చేసి చూడండి. మీ వాకిట్లోనో వీధిలోనో ఒక చెట్టును ఎంచుకోండి. ఒక రోజు కాగితం మీద నీటిరంగులతో, మర్నాడు అదే వేళకు ట్యాబ్‌లో వేయండి. ట్యాబ్‌లో ఒకే లేయర్ (ఒకదాని మీద ఒకటి పరిచే పారదర్శక పొర), ఒకే బ్రష్, అన్‌డూ ముట్టుకోవద్దు. తప్పు గీత పడితే ఉండనివ్వండి, దాని మీదే సరిదిద్దండి. కాగితం మాత్రం మానొద్దు.

ఇంకొకటి, ముందే తెలిస్తే మంచిది. ప్రింట్ తీయాలనుకుంటే ఏ4కి 2480 బై 3508 పిక్సెళ్లతో మొదలుపెట్టండి, చిన్నగా వేసి తర్వాత పెంచితే గీతలు మసకబారతాయి. స్క్రీన్ వెలుగు పూర్తిగా పెంచి వేసిన నా మొదటి కవర్ బొమ్మలో చిలకపచ్చ, అచ్చులో బూడిదపచ్చగా వచ్చింది, రెండు రోజులు అన్నం సహించలేదు. వెలుగు సగానికి తగ్గించి వేయండి, ప్రెస్‌కు ఇచ్చేముందు చిన్న సైజులో ఒక కాపీ తీయించి, కిటికీ దగ్గర పగటి వెలుగులో చూసుకోండి.