ఆ నత్రజని ఎక్కడిదని అడగండి

ప్రశ్న: సేంద్రియ పంటే తినాలి, రసాయన ఎరువులు నేలను చంపేస్తున్నాయి అంటుంది మా అమ్మాయి. అందరూ అలా పండిస్తే సగం మంది పస్తులుంటారని మావారు. రోజూ భోజనాల దగ్గర ఇదే గొడవ. ఎవరి మాట నిజమండీ?

జవాబు: ముందు మీవారి మాట చూద్దాం, ఎందుకంటే ఈ రోజుల్లో దాన్ని చాలామంది వినకుండానే కొట్టిపారేస్తున్నారు. గాలిలో నత్రజని బోలెడంత ఉన్నా మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. 1909లో ఫ్రిట్జ్ హాబర్ అనే జర్మన్ శాస్త్రవేత్త దాన్ని రసాయన ఎరువులకు మూలమైన అమ్మోనియాగా మార్చి చూపించాడు, 1913లో ఫ్యాక్టరీ మొదలైంది, ఇవాళ ప్రపంచంలో దాదాపు సగం మంది తిండి దాని మీదే ఆధారపడి ఉందని అంచనా. సేంద్రియ పద్ధతిలో దిగుబడి సగటున ఐదోవంతు దాకా తగ్గుతుంది, పప్పుజాతి పంటల్లో అయితే అంత తేడా ఉండదు. 2021లో శ్రీలంక రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపేస్తే వరి దిగుబడి పడిపోయి, కొన్ని నెలలకే వెనక్కి తగ్గాల్సి వచ్చింది. రైతుకు అలవాటు పడే టైమ్ కూడా ఇవ్వకపోతే ఇంకేమవుతుంది!

మరి మీ అమ్మాయిది తప్పా? కాదు. తిండిగింజల పైరుకు వేసిన నత్రజనిలో చాలాచోట్ల సగం కూడా పైరుకు అందదు. మిగిలింది భూగర్భ జలంలోకి నైట్రేట్‌గా దిగుతుంది, చెరువుల్లో నాచును పెంచుతుంది, కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా గాల్లో కలుస్తుంది. ఆ వాయువు ఒక్క కిలో, వందేళ్ల లెక్కలో, దాదాపు 270 కిలోల కార్బన్ డయాక్సైడ్ అంత వేడి పెంచుతుంది. అయితే పశువుల ఎరువు మోతాదు మించి వేసినా ఇదే జరుగుతుంది, ఈ మాట అమ్మాయికి చెప్పండి.

ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో 1843 నుంచి ఒకే పొలంలో గోధుమ వేస్తూ, ఒక మడికి పశువుల ఎరువు, వేరే మళ్లకు రసాయన ఎరువు ఇస్తున్నారు. పశువుల ఎరువు వేసిన మడిలో దిగుబడి చాలాకాలం రసాయన ఎరువు మళ్లకు దీటుగా వచ్చింది, మట్టిలో సేంద్రియ కర్బనం అయితే రెట్టింపుకు పైగా ఉంది. కానీ ఆ మడికి ఏటా వేసేది హెక్టారుకు 35 టన్నులు. అన్ని పొలాలకూ అంత ఎరువు ఎక్కణ్నుంచి తెస్తాం? ఆ పశువులకు మేత ఏ నేల మీద పెరగాలి?

ఇక తిండి సంగతి. సేంద్రియ పంటలో పురుగుమందుల అవశేషాలు తక్కువ, అది నిజం. పోషకాల్లో మాత్రం పెద్ద తేడా లేదు. సేంద్రియం అంటే అసలు మందే కొట్టరనుకోకండి, తెగుళ్లకు రాగి మందులు వాడతారు, ఆ రాగి ఏళ్ల తరబడి మట్టిలో పేరుకుంటుంది.

నన్నడిగితే లేబుల్ కంటే ముందు చూడాల్సింది పంట మార్పిడి. పప్పుజాతి పైరు వేసి, ఆ తర్వాతి పంటకు మట్టి పరీక్ష చేయించి తక్కువపడిన మేరకే ఎరువు వేసే రైతంటే నాకు చాలా గౌరవం. వీలైతే ముగ్గురూ కలిసి పూతకొచ్చిన పెసర మొక్క ఒకటి వేళ్లతో సహా జాగ్రత్తగా తవ్వి చూడండి. వేళ్లకు ఆవగింజంత బుడిపెలు ఉంటాయి. ఒకటి గోటితో చీల్చండి, లోపల ఎర్రగా ఉంటే అందులోని బ్యాక్టీరియా ఆ క్షణంలో గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తోందన్నమాట, ఆకుపచ్చగా మారి ఉంటే దాని పని అయిపోయినట్టే.