జడ్జి కావాలంటే మొదలు పెట్టాల్సింది ఏ కోర్టు నుంచి?

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. మా అమ్మాయి ఈ ఏడాది బీకామ్ పూర్తి చేస్తోంది. లా చదివి జడ్జి అవుతానంటోంది. ఎల్ఎల్‌బీ అవగానే కోచింగ్‌లో చేర్పించాలా? హైకోర్టు జడ్జికీ పరీక్ష ఉంటుందా?

జవాబు: హైకోర్టు జడ్జికి పరీక్ష లేదండీ. హైకోర్టులో పదేళ్లు ప్రాక్టీస్ చేసిన లాయర్లు, లేదా పదేళ్లు జడ్జిగా చేసినవాళ్ల పేర్లను కొలీజియం (సీనియర్ జడ్జిల బృందం) సిఫార్సు చేస్తే రాష్ట్రపతి నియమిస్తారు. మీ అమ్మాయి ఇప్పుడు ఆలోచించాల్సింది కింది కోర్టుల గురించి.

అన్నిటికంటే కింద ఉండేది జూనియర్ సివిల్ జడ్జి కోర్టు. పెద్దవాళ్లు ఇప్పటికీ మున్సిఫ్ కోర్టనే అంటారు. దాని పైన సీనియర్ సివిల్ జడ్జి, ఆ పైన జిల్లా జడ్జి. జిల్లాల్లో చాలాచోట్ల ఒకే జూనియర్ జడ్జి పొద్దున పొలం గట్టు తగాదా విని, మధ్యాహ్నం మెజిస్ట్రేట్‌గా దొంగతనం కేసు వింటారు. హైదరాబాద్‌లో అలా కాదు. సివిల్ దావాలు సిటీ సివిల్ కోర్టుకు, క్రిమినల్ కేసులు ఎక్కువగా నాంపల్లికి వెళ్తాయి. హత్య కేసులో చార్జిషీటు ముందు మెజిస్ట్రేట్ దగ్గరికే వచ్చినా, విచారణ మాత్రం సెషన్స్ కోర్టులో, అంటే జిల్లా జడ్జి స్థాయి క్రిమినల్ కోర్టులో జరుగుతుంది. వీటన్నిటిపైనా అజమాయిషీ మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టుదే. 2019 జనవరి 1 నుంచి అది తెలంగాణకు ప్రత్యేక హైకోర్టు.

ఇక కోచింగ్ సంగతి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే కనీసం మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కాబట్టి ఎల్ఎల్‌బీ అవగానే లక్షలు పోసి కోచింగ్‌లో కూర్చోబెట్టకండి. ముందు లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరమనండి. తర్వాత బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయ్యి, ట్రయల్ కేసులు బాగా ఉన్న సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరాలి.

చాలామంది తల్లిదండ్రులు పిల్లల్ని నేరుగా హైకోర్టు లాయర్ దగ్గర చేర్పించాలనుకుంటారు. జడ్జి కావాలనుకునే పిల్లకు అది సరైన దారి కాదని నా గట్టి అభిప్రాయం. హైకోర్టులో ఎక్కువగా కాగితాల మీద వాదనలే. సాక్షి బోనెక్కేది కింది కోర్టులో. ఉదయం కాల్ వర్క్‌లో, అంటే ఆ రోజు కేసుల్ని వరసగా పిలిచేటప్పుడు, వాయిదాలు అయిపోయాక అసలు పని మొదలవుతుంది. సాక్షి తన యాసలో తెలుగులో చెబుతాడు, ఎదుటి పక్షం లాయర్ ప్రశ్నలతో క్రాస్ చేస్తాడు, జడ్జి దాన్ని అక్కడికక్కడే ఇంగ్లిష్‌లో టైపిస్టుకు డిక్టేట్ చేస్తారు. ఒక్క మాట తేడా వచ్చినా అప్పీల్‌లో కేసు తలకిందులు కావచ్చు. రేపు మీ అమ్మాయి చేయాల్సిన పని అదే. అది చూడకుండా పరీక్ష పాసైనా కుర్చీలో కూర్చున్నాక టెన్షన్ తప్పదు.

జూనియర్‌గా మొదటి రెండేళ్లు సంపాదన చాలా తక్కువ. ఇంట్లోంచి ఖర్చులకు ఇవ్వాల్సి వస్తుంది, దానికి మీరు ఇప్పుడే సిద్ధపడాలి. పరీక్షలో రాకపోయినా ఆ అనుభవం ఎక్కడికీ పోదు. లాయర్‌గా ఏడేళ్లు పూర్తయ్యాక నేరుగా జిల్లా జడ్జి పోస్టుకే పరీక్ష రాయొచ్చు, వయసు కనీసం 35 ఉండాలి.

ఈ సెలవుల్లో తనని ఒక రోజు సిటీ సివిల్ కోర్టుకు తీసుకెళ్లండి. మామూలు కేసుల విచారణ ఎవరైనా వెనక బెంచీలో కూర్చుని చూడొచ్చు. ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుంటే చాలు.