ఎర ఎంత లోతున పోతోంది?

గాలం శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా ట్రోలింగ్ గురించే వచ్చాయి. ట్రోలింగ్ అంటే మెల్లగా నడిచే పడవ వెనక ఎరను లాక్కుపోవడం. ముందు దూరదేశం ప్రశ్న చూద్దాం. దానికి చెప్పే లెక్కే మన మానేరుకూ పనికొస్తుంది.

ప్రశ్న: అయ్యా, మా పెద్దోడు అమెరికాల నార్త్ డకోటాల ఉంటడు. జులైల నేను, మా ఇంటామె పోతున్నం. వాడు పడవ కొన్నడు, సకకావియా జలాశయంల వాల్‌ఐ చేపల కోసం ట్రోలింగ్ చేస్తడు. డబ్బా మీద 11–13 అడుగులు దిగుతదని రాసి ఉన్న క్రాంక్‌బెయిట్లు వాడుతున్నడు. సోనార్‌ల (నీళ్ల కింద చేపలను చూపే తెర) చేపలు 22–24 అడుగుల కాడ కనవడుతున్నయి గని ఒక్కటి పట్టుకుంటలేదు. రంగులైతే మార్చుకుంటనే ఉన్నడు. తప్పు ఎక్కడున్నది? (హన్మకొండ)

జవాబు: రంగుల పెట్టె మూసెయ్యమనండి. చేప 22 అడుగుల్లో ఉంది, ఎర 12 అడుగుల్లో పోతోంది. నడుమ పదడుగుల నీళ్లున్నాయి. వాల్‌ఐ తనకు కొంచెం పైనుంచి పోయేదాన్ని చూసి లేచి పట్టుకుంటుంది. కాబట్టి ఎర రెండు మూడడుగులు పైన ఉంటే మంచిదే. పదడుగులు లేవడం అరుదు, తన కిందినుంచి పోయే ఎర కోసం దిగడం ఇంకా అరుదు. మీవాడి గురి 20 అడుగులు ఉండాలి.

క్రాంక్‌బెయిట్ అంటే మూతి ముందు ప్లాస్టిక్ నాలుక ఉన్న బొమ్మచేప. లాగినప్పుడు నీళ్లు ఆ నాలుక మీద ఒత్తి దాన్ని కిందికి తోస్తాయి. అదే సమయంలో తంగూసు నీటిలో రాసుకుంటూ దాన్ని పైకి గుంజుతుంది. ఈ రెండూ సరితూగిన చోట ఎర నిలబడుతుంది. అందుకే ఎంత తంగూసు వదిలామో, అది ఎంత లావో చెప్పకుండా లోతు చెప్పలేం. 10 పౌండ్ల (అంత బరువు లాగేదాకా తెగని) తంగూసు 100 అడుగులు వదిలితే 12 అడుగులు దిగే ఎర, 150 అడుగులు వదిలితే 18 అడుగులు దిగదు. రెండు మూడడుగులు మాత్రమే అదనంగా దిగుతుంది, ఆ పైన ఇంకెంత వదిలినా దాదాపు అక్కడే ఉంటుంది. అదే బలమున్న సన్నటి బ్రెయిడ్ (పోగులు అల్లిన దారం) కడితే రాపిడి తగ్గి ఇంకొంచెం దిగుతుంది గాని, 20కి అదీ చాలదు.

దీనికి లెడ్‌కోర్ లైన్ వాడతారు. అల్లిన దారం లోపల సన్నని సీసపు తీగ ఉంటుంది. ప్రతి 10 గజాలకు రంగు మారుతుంది కాబట్టి ఎన్ని రంగులు వదిలామో లెక్క పెట్టుకోవచ్చు. గంటకు 2 మైళ్ల వేగంలో 18 పౌండ్ల లెడ్‌కోర్ ఒక్కో రంగుకు సుమారు 5 అడుగులు దిగుతుంది. దాని చివర 30 అడుగుల తంగూసు లీడర్ (లైన్‌కూ ఎరకూ నడుమ కట్టే ముక్క), ఆ చివర ఎర. లీడర్ పొట్టిది కాబట్టి డబ్బా మీద 12 అని ఉన్న ఎర తన వంతుగా 6–8 అడుగులే దిగుతుంది. ఈ చిన్న సంగతి మరిచిపోయి రెండు లోతులూ నిండుగా కలిపేసేవాళ్లే ఎక్కువ. మూడు రంగులు వదిలితే 15, ఎర వంతు 6 కలిపి 21. ముందు రెండున్నర రంగులతో మొదలుపెట్టి, పది నిమిషాలకోసారి అర రంగు చొప్పున పెంచమనండి. ముడి వేసేటప్పుడు లెడ్‌కోర్ చివర అర జానెడు సీసం లాగి తెంపేసి, ఖాళీ అయిన దారానికి లీడర్ కడితే ముడి చిన్నగా ఉండి కర్ర కన్నాల్లో తట్టుకోదు.

ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఒట్టి తంగూసు మీద ఉన్న నాలుక ఎరకు వేగం పెరిగినా తగ్గినా లోతు పెద్దగా మారదు. లెడ్‌కోర్ అలా కాదు, పడవ నెమ్మదిస్తే కుంగుతుంది, వేగం పెంచితే తేలుతుంది. మలుపులో లోపలి వైపు ఎర అడుగు తాకేది అందుకే. నేల 25 అడుగుల్లో ఉన్నచోట గిరుక్కున తిప్పవద్దు.

వేగం జీపీఎస్‌లో చూడాలి. జులైలో 2 నుంచి 2.5 మైళ్లు సరిపోతుంది. వసంతంలో నీళ్లు 50 డిగ్రీల ఫారన్‌హీట్ లోపు ఉంటే 1–1.5 మైళ్లు దాటకూడదు. అయితే జీపీఎస్ చెప్పేది నేల మీది వేగం, ఎరకు తెలిసేది నీటి వేగం. కింద ప్రవాహం ఎదురుగా ఉంటే 2 మైళ్లు కూడా ఎరకు 2.5 అవుతుంది. కర్ర కొన సన్నగా, ఒకే తీరుగా వణుకుతుంటే ఎర సరిగా ఈదుతున్నట్టు. వణుకు ఆగితే చెత్త తగిలింది, వెంటనే చుట్టి చూడాలి. చెత్త పట్టిన ఎరను అరగంట లాగడం వృథా.

సమయం పొద్దు వాలే వేళ ఎంచుకోండి. రాత్రి లైటు పడితే మన పశువుల కళ్లు మెరిసినట్టే వాల్‌ఐ కళ్లూ మెరుస్తాయి. కంటి వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఉండడం వల్ల మసక వెలుతురులో అది ఇతర చేపలకంటే బాగా చూస్తుంది. పగలు పట్టాలంటే గాలి కొట్టి అలలు లేచిన ఒడ్డు మంచిది, అలలు వెలుతురును చెదరగొడతాయి.

మీరు సందర్శకులు కాబట్టి బయటివాళ్లకిచ్చే లైసెన్సు విడిగా కొనుక్కోవాలి. 30 అడుగులు, ఆపైన లోతునుంచి పైకి లాగిన చేపకు గాలితిత్తి ఉబ్బుతుంది. దాన్ని తిరిగి వదిలినా బతికే అవకాశం తక్కువ. చిన్నవి వదిలి పెద్దవి ఏరుకుందామంటే అంత లోతులో కుదరదు. రోజు పరిమితి నిండగానే గాలాలు ఎత్తెయ్యాలి. ఇంటామెకు ఒక మాట: వాల్‌ఐ మాంసం తెల్లగా, గట్టిగా, ముళ్లు తక్కువగా ఉంటుంది. కొర్రమీను వండే చేతికి కొత్తగా అనిపించదు.

ప్రశ్న: కొత్తగా తెప్పించిన క్రాంక్‌బెయిట్లల్ల రెండు సీదగ రావు. ఒకటి కుడికి గుంజుకపోయి పైకి తేలుతది. చెడిపోయినట్టేనా? (జగిత్యాల)

జవాబు: చెడిపోలేదు. ముందు ముడి చూడండి. ముక్కు దగ్గరి తీగ కన్నానికి తంగూసు నేరుగా కడితే ముడి ఒక పక్కకు జరిగి ఎరను ఈడుస్తుంది. చిన్న గుండ్రటి స్నాప్ (తీగ కొక్కెం) పెట్టండి. బరువైన స్వివెల్ (గిర్రున తిరిగే లోహపు కీలు) మాత్రం వద్దు, అది ముక్కును కుంగదీసి ఊపు చంపుతుంది. తర్వాత గాలాలు చూడండి, ఒకటి వంగి ఉన్నా, కిందిది పొట్టకు చిక్కుకున్నా ఇదే తంటా.

అవన్నీ బాగుంటే కన్నం వంచాలి. ఎరను మూతి మీవైపు ఉండేట్టు పట్టుకోండి. మీవైపు లాగినప్పుడు మీ కుడికి పోతుంటే కన్నాన్ని మీ ఎడమకు వంచాలి, ఎడమకు పోతుంటే కుడికి. వంచడమంటే సన్నమూతి పటకారుతో వెంట్రుకవాసి. కంటికి కనిపించేంత వంచితే ఎక్కువైనట్టే. పడవ పక్కన నాలుగైదు అడుగుల తంగూసుతో, మీరు లాగబోయే వేగం కంటే కొంచెం ఎక్కువ వేగంలో చూసి, మళ్లీ వంచండి. నెమ్మదిలో తిన్నగా వచ్చి వేగంలో పక్కకు పడేది ఇంకా కుదరనట్టే. కన్నాన్ని తిప్పవద్దు, తిప్పితే ప్లాస్టిక్‌లో వదులై ఊడుతుంది. పక్కకు పోయే ఎర డబ్బా మీది లోతుకు ఎప్పుడూ చేరదు, పైగా పక్క లైన్లకు చుట్టుకుంటుంది.

ప్రశ్న: నాలుగు కర్రలు పెడితే మలుపుల్లో అన్నీ పేనుకుపోతున్నయి. (పెద్దపల్లి, ప్రస్తుతం డాలస్)

జవాబు: ఎక్కువ లోతు పోయే ఎరలు పడవకు దగ్గరగా, పొట్టి లైన్ల మీద ఉండాలి. తక్కువ లోతువి బయట, పొడుగు లైన్ల మీద ఉండాలి. ఇది తలకిందులైతే పేనుకుపోవడం ఖాయం. బయటి రెంటికీ ప్లేనర్ బోర్డులు కట్టండి, అవి లైన్లను పక్కలకు లాక్కుపోతాయి. మలుపు ఎంత పెద్దగా తీస్తే అంత మంచిది. నాలుగు కర్రలు వాడొచ్చా అన్నది ఆ రాష్ట్రం చట్టం చూసి తేల్చుకోండి, ఒక్కోచోట ఒక్కో లెక్క.

మలుపును చిక్కుగా మాత్రమే చూడకండి. లోపలి ఎర నెమ్మదిస్తుంది, బయటిది వేగం పుంజుకుంటుంది. చేపలు మళ్లీమళ్లీ బయటిదానికే తగులుతుంటే మీ వేగం తక్కువని అర్థం, లోపలిదానికైతే ఎక్కువని.

ప్రశ్న: ఏ రంగు మంచిది? (సిరిసిల్ల)

జవాబు: తేట నీటిలో వెండి, తెలుపు. బురద నీటిలో నారింజ, పచ్చ. ఇంతకంటే ఆలోచించే సమయాన్ని లోతు మీద పెట్టండి.

ప్రశ్న: లోయర్ మానేరులో ఈ పద్ధతి నడుస్తదా? ఏ చేపలు పడ్తయి? మా దగ్గర చిన్న పడవ ఉన్నది. (మానకొండూరు)

జవాబు: ముందు అనుమతి సంగతి. మన జలాశయాల్లో చేపలు పట్టే హక్కు లైసెన్సున్న మత్స్యకారులది. వాళ్ల బతుకు ఆ నీళ్ల మీదే. సంఘంతో, మత్స్యశాఖతో, నీటిపారుదల అధికారులతో మాట్లాడకుండా కర్ర పట్టుకొని దిగవద్దు. అది తాగునీటి జలాశయం కూడా, మోటారుకు విడిగా అనుమతి అడగాలి.

ఏవి పడతాయంటే, బొచ్చె, రవ్వ పడవు. బొచ్చె నీటిలోని సూక్ష్మజీవులను వడకట్టుకొని తింటుంది, దానికి బొమ్మచేపతో పనిలేదు. కొర్రమీను ఒడ్డు గడ్డిలో ఉంటుంది, నడి నీళ్లలో వెతకడం దండగ. మిగిలింది వాలుగ. చేపను తినే చేప, పగలు పాత వాగు గాడి లోతుల్లో ఉండి, పొద్దు వాలాక పరిగెల గుంపుల వెంట పైకి వస్తుంది. 10–12 సెంటీమీటర్ల ఎర, గంటకు 2.5–3.5 కిలోమీటర్ల వేగం. ఆ వేగం తెడ్లతోనూ వస్తుంది, ఫోన్‌లో జీపీఎస్ చాలు. లైన్ 30–40 పౌండ్ల బ్రెయిడ్, చివర ఒకటిన్నర మీటరు 60 పౌండ్ల తంగూసు లీడర్. వాలుగ పళ్లు చిన్నవే గాని ఆకురాయిలాగా వరుసలుగా ఉంటాయి, సన్నటి తంగూసును అరగదీసి తెంపుతాయి. ఎరతో వచ్చిన గాలాలు సాగిపోతాయి, లావు తీగవి మార్చుకోండి. బ్రెయిడ్ సాగదు కాబట్టి కర్ర మెత్తనిది, డ్రాగ్ (రీలులో లైన్‌ను పట్టి ఉంచే బిగింపు) వదులుగా ఉండాలి. గట్టి కర్ర, బిగించిన డ్రాగ్ ఉంటే చేప నోటినుంచి గాలం చీరుకుని వచ్చేస్తుంది. చేప తగలగానే పడవ ఆపెయ్యవద్దు, లైన్ సడలితే గాలం రాలిపోతుంది. వేగం తగ్గించి నడుపుతూనే చుట్టాలి.

అన్నిటికంటే పెద్ద అడ్డంకి వలలు. మత్స్యకారులు సాయంత్రం వలలు కట్టి తెల్లవారుజామున ఎత్తుతారు, వాలుగ తిరిగే వేళ కూడా అదే. మూడు ముళ్ల గాలాలు వలలో పడితే వల చిరుగుతుంది, ఒక కుటుంబం రాత్రి పాడవుతుంది. ఏ వైపు కట్టారో అడిగి తెలుసుకొని, బెండ్లు కనిపించిన చోట నుంచి దూరంగా మళ్లండి. చీకటి పడ్డాక ట్రోలింగ్ వద్దే వద్దు.

రెండోది మునిగిన చెట్ల మోళ్లు. ఎర తట్టుకుంటే గుంజవద్దు. పడవ వెనక్కి తెచ్చి లైన్ పూర్తిగా సడలిస్తే తేలే రకం క్రాంక్‌బెయిట్ తనంతట తానే వెనక్కి తేలి ఊడుతుంది. లెడ్‌కోర్ మీద ఇది జరగదు, సీసం తేలనివ్వదు. అందుకే మోళ్లున్న మన జలాశయాల్లో ఒట్టి బ్రెయిడే మేలు. పుట్టి మీద, థర్మాకోల్ తెప్ప మీద ట్రోలింగ్ చెయ్యకండి. పెద్ద చేప పక్కకు గుంజితే నిలవవు. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ వేసుకోవాలి.

ప్రశ్న: రామప్ప, లక్నవరం చెరువుల్ల కొర్రమీనుకు ట్రోలింగ్ చెయ్యొచ్చా? (ములుగు)

జవాబు: పనికిరాదు. కొర్రమీను ఉండే గడ్డిలో క్రాంక్‌బెయిట్ నాలుగు గజాలు కూడా పోదు. అనుమతి ఉన్నచోట, ముళ్లు పైకి తిరిగి వీపుకు ఆనుకుని ఉండే రబ్బరు కప్ప ఎరను గడ్డి మీద ఆగి ఆగి లాగాలి. నీళ్లు చిమ్మగానే కర్ర ఎత్తవద్దు. ఒకటి రెండు లెక్కపెట్టి, బరువు తెలిశాక ఎత్తండి.

వానాకాలంలో నీటి మీద ఎర్రటి చిన్న పిల్లల గుంపు ఒక్కసారిగా గాలి కోసం పైకొచ్చి దిగడం చూసుంటారు. కిందే తల్లి, తండ్రి కాపలా ఉంటాయి. అక్కడ ఎర పడితే ఆకలి లేకపోయినా, పిల్లల మీదికి ఏదో వచ్చిందని మీద పడతాయి. అందుకే చాలామంది ఆ గుంపులనే వెతుకుతారు. కాపలా చేప పోయిన గుంపును మిగతా చేపలు పూటలో ఖాళీ చేస్తాయి. కొర్రమీను మన తెలంగాణ రాష్ట్ర చేప. పిల్లల గుంపు కనిపిస్తే ఎర వెనక్కి చుట్టుకొని, ఇంకో ఒడ్డుకు పోండి.