మంచులో మూసుకుపోయిన పబ్, లోపల ఒక శవం: కథలు రాసేవాళ్ల ప్రశ్నలకు జవాబులు

ఐర్లాండ్ పల్లెలో మంచు తుఫాను. ఊరికంతా ఒకటే పబ్. తెల్లారేసరికి లోపల ఒకరు చచ్చిపడి ఉంటారు. ఈ చట్రంలో కోజీ మిస్టరీ రాస్తున్నవారు పంపిన ప్రశ్నలు ఈసారి ఒక్కచోట ఇస్తున్నాం. కోజీ అంటే తెలిసిందే: నెత్తురు తెర వెనకే ఉండాలి, కూపీ లాగేది ఊళ్లో మామూలు మనిషి అయ్యుండాలి, ఆధారాలన్నీ హంతకుడి పేరు చెప్పకముందే పాఠకుడి కంట పడాలి.

ప్ర: నా కథ కెర్రీ తీరంలో జరుగుతుంది. డిసెంబరులో నాలుగు వారాలు ఊరు మంచులో చిక్కుకుంటుంది. ఇది నమ్మేలా ఉందా? (పాఠకురాలు, గుంటూరు)

ఊరూ మార్చండి, వారాలూ తగ్గించండి. అట్లాంటిక్ మీంచి వచ్చే వెచ్చని ప్రవాహం వల్ల ఐర్లాండ్‌లో, అందులోనూ పడమటి తీరంలో, మంచు నిలవడం అరుదు. పెద్ద మంచు సాధారణంగా తూర్పుగాలితో వస్తుంది. అందుకే తూర్పున ఉన్న విక్లో కొండల్లోని ఊరు మీకు బాగా పనికొస్తుంది. శాలీ గ్యాప్, విక్లో గ్యాప్ లాంటి కనుమదారులు మూసుకుపోతే కొండమీది ఊళ్లకి రాకపోకలు ఉండవు. ఊరు చిక్కుకునేది మామూలుగా రెండు మూడు రాత్రులే. కథకి అంతకన్నా అక్కర్లేదు కూడా.

సంవత్సరం ఊహించి పెట్టకండి, నిజంగా మంచు పడిన ఏడాదినే తీసుకోండి. 1947 ఫిబ్రవరి 24, 25 తేదీల మంచు తుఫాను ఒకటి. పల్లెలకి కరెంటు స్తంభాలు వేయడం అంతకు మూడున్నర నెలల ముందే, 1946 నవంబరులో మొదలైంది కాబట్టి మీ పబ్‌లో కిరసనాయిల్ దీపాలే. టీకి, చక్కెరకి, చివరికి రొట్టెకి కూడా రేషన్. అంతకుముందు ఏడాది వానలకి పీట్ (బీళ్లలోంచి కోసి ఎండబెట్టి కాల్చే మట్టి) సరిగా ఎండలేదు, పొయ్యిలోకి ఇంధనం కరువు. రెండోది 2010 డిసెంబరు. క్రిస్మస్ రోజున మేయోలోని స్ట్రేడ్‌లో మైనస్ 17.5 డిగ్రీలు నమోదైంది. మూడోది 2018 మార్చి మొదటి రోజులు. దేశమంతటా ఎర్ర హెచ్చరిక పెట్టారు, మార్చి 1 సాయంత్రం 4 గంటలకల్లా ఇళ్లు చేరుకోమని ప్రభుత్వం చెప్పింది, దుకాణాల్లో బ్రెడ్డు అరలు ఖాళీ అయిపోయాయి. ఆ బ్రెడ్డు మీద అక్కడివాళ్లు ఇప్పటికీ జోకులేసుకుంటారు. మీ పాత్రల చేత కూడా ఒకటి వేయించండి, ఊరి వాసన వస్తుంది.

మా ఓటు 1947కే. ఫోన్లు తెగ్గొట్టే పని రచయితకి తప్పుతుంది.

ప్ర: 2018లో పెట్టుకున్నాను. చేతిలో సెల్‌ఫోన్లు ఉండగా అందర్నీ బయటి లోకం నుంచి ఎలా విడదీయాలి? (పాఠకుడు, విశాఖపట్నం)

కరెంటు తీసేయండి, మిగతావి ఒక్కొక్కటే వాటంతటవే పోతాయి. ఆ వరస తప్పకుండా చూపించడమే మీ పని. ముందు కార్డు మెషీన్ ఆగుతుంది, ఇక నగదే, లేకపోతే ఖాతాలో రాయించుకోవాలి. జేబులో నోట్లు ఎవరి దగ్గర ఉన్నాయన్నది అప్పుడే బయటపడుతుంది. దానితోపాటే వైఫై. సెల్ టవర్‌లో బ్యాటరీ ఉంటుంది కాబట్టి సిగ్నల్ వెంటనే పోదు, కొన్ని గంటలకి పోతుంది. చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు. దీపాలు ఆరిన మరుక్షణం ఫోన్లు కూడా పోయాయని రాస్తే చదివేవాళ్లు నవ్వుతారు.

ల్యాండ్‌లైన్‌లో మంచి మెలిక ఉంది. పాత రాగితీగ ఫోన్‌కి కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వస్తుంది, ఊళ్లో కరెంటు పోయినా అది మోగుతుంది. చేత్తో పట్టుకు తిరిగే కార్డ్‌లెస్ ఫోన్‌కి మాత్రం బేస్ దగ్గర కరెంటు ఉండాలి. కరెంటు పోయాక పబ్ ఫోన్‌లో మాట్లాడానని ఒక పాత్ర అంటుంది. కౌంటర్ మీద ఉన్నది కార్డ్‌లెస్. అబద్ధం అక్కడికక్కడే దొరికిపోతుంది.

ప్ర: పబ్‌లోనే దొరికే ఆధారం కావాలి. విరిగిన గడియారం, చిరిగిన ఉత్తరం రాసి రాసి విసుగొచ్చింది. (పాఠకురాలు, హైదరాబాద్)

గ్లాసు చూడండి. నల్లటి స్టౌట్ బీరు పైంటు 568 మిల్లీలీటర్లు, పైన మీగడలాంటి నురగ. శుభ్రమైన గ్లాసులో తాగితే ప్రతి గుటకకీ ఒక నురగ గీత గాజుకి అతుక్కుపోతుంది, చెట్టు మొదట్లో వలయాల్లా. ఏడు గీతలుంటే ఏడు గుటకలు. నింపాదిగా తాగేవాడి గ్లాసులో గీతలు దగ్గరదగ్గరగా ఉంటాయి, గటగటా తాగేవాడి గ్లాసులో ఎడంగా ఉంటాయి. తాగకుండా మొక్క కుండీలో ఒంపేస్తే వలయాలుండవు, ఒంపిన వైపున నురగ ఒకటే పొడుగు చారగా దిగుతుంది. "నాలుగు పైంట్లు తాగి మత్తుగా పడున్నాను" అన్నవాడి గ్లాసులో ఆ చార ఉంటే వాడు ఆ రాత్రి మత్తులో లేనట్టే.

ఇందులో ఒక చిక్కు ఉంది, ముందే కాచుకోండి. గ్లాసుకి జిడ్డుంటే, సబ్బు సరిగా కడిగి ఉండకపోతే, తాగినవాళ్ల పెదాలకి లిప్‌స్టిక్ ఉంటే నురగ నిలవదు, గీతలు పడవు. ఆ పబ్ యజమానురాలు గ్లాసుల శుభ్రం దగ్గర ఎంత చాదస్తురాలో రెండో అధ్యాయంలోనే ఓ మాట వేసి ఉంచండి. గంటలు గడిస్తే నురగ ఎండి పలచని మరకగా మారుతుంది కాబట్టి మీ పరిశోధకురాలు గ్లాసుల్ని రాత్రే చూసి ఉండాలి. పొద్దున్నే చూస్తే లాభం లేదు.

రెండో ఆధారం రౌండ్లు. అక్కడ ఎవరి గ్లాసు వారు కొనుక్కోరు. బల్ల చుట్టూ ఐదుగురుంటే వంతులవారీగా ఒక్కొక్కరు ఐదుగురికీ కొంటారు. తన వంతు ఎగ్గొట్టినవాణ్ణి ఊరు పదేళ్లయినా మర్చిపోదు. ఏడు గంటలకి కూర్చుని, రౌండుకి అరగంట చొప్పున తాగారనుకోండి. ఐదోవాడి వంతు తొమ్మిదింటికి. ఐదో రౌండ్ ఎవరు కొన్నారో అందరికీ గుర్తుండి, నాలుగోది ఎవరికీ గుర్తులేకపోతే ఎనిమిదిన్నరకి బల్ల దగ్గర ఒక మనిషి లేడన్నమాట. గడియారం కన్నా ఈ లెక్కే గట్టిది, ఎందుకంటే ఊళ్లో ఎవరూ అది మర్చిపోరు.

మూడోది, పోసే సమయం. గ్లాసుని 45 డిగ్రీలు వంచి ముప్పావు వంతు నింపుతారు, నురగ తేరుకునేదాకా కౌంటర్ మీద పెడతారు, ఆపైన నింపుతారు. స్టౌట్ తయారుచేసే గిన్నెస్ వాళ్లు ప్రచారం చేసుకునే లెక్క 119.5 సెకన్లు. అంటే "పైంటు పోస్తున్నాను" అన్న మాట ఎవరినైనా కాపాడేది రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాల్లో కూడా తేరుకునేటప్పుడు బార్‌మన్ చేతులు ఖాళీ.

ప్ర: బార్‌మన్ నేలమాళిగలో పీపా మార్చడానికి వెళ్లినప్పుడు హత్య జరుగుతుంది. ఎన్ని గ్లాసులకి ఒక పీపా అయిపోతుంది? (పాఠకుడు, రాజమహేంద్రవరం)

యాభై లీటర్ల పీపాలో లెక్కకి 88 పైంట్లు. నురగ కింద కొన్ని పోతాయి. మంచులో చిక్కిన పదిమంది ఒక్క రాత్రిలో కొత్త పీపాని ఖాళీ చేశారంటే నమ్మరు. సాయంత్రానికే పీపా సగమైందని ముందే చెప్పండి. స్టౌట్‌ని పైకి తోసేది నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ కలిసిన గ్యాస్ ఒత్తిడి. కాబట్టి కరెంటు పోయినా కుళాయి పారుతుంది, చల్లబరిచే యంత్రం మాత్రం ఆగుతుంది. చలికాలపు నేలమాళిగలో దాని లోటు తెలియదు.

ప్ర: మంచులో హంతకుడి అడుగుజాడలు లేవు. ఎలా వెళ్లాడు? వెనక్కి నడిచాడని రాశాను. (పాఠకుడు, కరీంనగర్)

వెనక్కి నడిస్తే దొరికిపోతాడు. అడుగు పొట్టిదవుతుంది, ఈడ్చిన కాలు చిమ్మిన మంచు తప్పు వైపు పడుతుంది. అది చూసి నమ్మే పరిశోధకుడు తెలివితక్కువవాడు అనిపించుకుంటాడు.

గాలిని వాడుకోండి. తుఫాను గాలికి ఇంటికి ఒక వైపు మంచు నడుం ఎత్తు పేరుకుంటుంది, ఇంకోవైపు నేల కనపడేంతగా ఊడ్చుకుపోతుంది. చూరు కింద గోడవారగా కూడా ఒక్కోసారి సన్నటి చార మంచు లేకుండా మిగులుతుంది. ఆ చారల మీదుగా పెరటి కొట్టందాకా నడిచి వెళ్లినవాడు ఆ ఇంటిని బాగా ఎరిగినవాడే. అంటే అనుమానితుల్లో పొరుగూరివాళ్లు అక్కడికక్కడే తగ్గిపోతారు. మీకు కావలసింది అదే కదా.

జాడలు కనిపిస్తే వాటిని సరిగా చదివించండి. సున్నా డిగ్రీల దగ్గర పడే తడిమంచు బూటు అడుగు భాగంలోని గాట్లని అచ్చుపోసినట్టు పట్టుకుంటుంది. బాగా చలిలో పడే పొడిమంచు ఇసుకలా జారిపోతుంది, దానిలో ఎవరి బూటో తేల్చలేరు. రాత్రంతా గాలి వీస్తే ఇంకో వింత జరుగుతుంది: చుట్టూ వదులుగా ఉన్న మంచు ఎగిరిపోయి, తొక్కి గట్టిపడిన అడుగులు గుంటలుగా కాక చిన్న చిన్న దిమ్మల్లా పైకి నిలుస్తాయి. అలాంటి దిమ్మలు కనిపిస్తే మనిషి గాలి జోరు తగ్గకముందే నడిచాడని అర్థం. కారు కింద నేల పొడిగా ఉంటే మంచు మొదలవకముందు నుంచీ అక్కడే ఉంది. "పదింటికి వచ్చాను" అన్నవాడి కారు కింద ఇంత మంచయినా ఉండాలి.

ఇంకొకటి. 2004 మార్చి 29 నుంచి అక్కడ పబ్ లోపల పొగ తాగకూడదు. ఇలాంటి చట్టం దేశమంతటా తెచ్చిన మొదటి దేశం అదే. కాబట్టి 2018 కథలో సిగరెట్ తాగేవాళ్లు గంటకోసారి పెరట్లోకి వెళ్తూ వస్తూ ఉంటారు, వాళ్ల అడుగులు ఒక బాట అయిపోతాయి. ఆ బాటలో ఇంకొకరి అడుగు కలిసిపోవడం ఎంతసేపు?

ప్ర: పొయ్యి దగ్గర ఉత్తరం కాల్చిన బూడిద దొరకడం పాతబడిపోయిందా? (పాఠకురాలు, నెల్లూరు)

పాతదే, కానీ అక్కడి పొయ్యి మీకు కొత్తది. తేమ బీళ్లలోంచి ఇటుకల్లా కోసి ఎండబెట్టిన పీట్ కాలుస్తారు. రాత్రి పడుకోబోయే ముందు నిప్పుల్ని దగ్గరకి లాగి బూడిద కప్పేస్తారు. తెల్లారి బూడిద తోసి కొత్త పీట్ పేరిస్తే మళ్లీ రాజుకుంటుంది. మన నివురు గప్పిన నిప్పే. పదకొండున్నరకి కప్పిన నిప్పు పొద్దున ఏడింటికి కూడా బతికే ఉంటుంది. ఆ రోజు మాత్రం చచ్చిపోయి ఉందంటే రాత్రి ఎవరో నివురు తీశారు, మళ్లీ కప్పడం తెలియక వదిలేశారు. ఊరివాళ్లయితే కప్పేవాళ్లు. ఇంతకన్నా మర్యాదగా హంతకుణ్ణి పట్టించే ఆధారం మాకు తట్టడం లేదు. పీట్ బూడిద తేలిగ్గా, లేత రంగులో ఉంటుంది. కాగితం నల్లటి పొరలుగా మిగులుతుంది, దాన్ని కదిపితేనే పొడి అవుతుంది.

2022 అక్టోబరు 31 నుంచి దుకాణాల్లో పీట్ అమ్మకం నిషేధం. తర్వాతి సంవత్సరాల్లో కథ పెడితే పీట్‌ని కొనుక్కొచ్చారని రాయకండి, తమ హక్కున్న బీడులోంచి కోసుకొచ్చారని రాయండి.

ప్ర: ఇన్‌స్పెక్టర్ తుపాకీ తీసి అందర్నీ బెదిరిస్తాడు. సరేనా? (పాఠకుడు, కర్నూలు)

కాదు. అక్కడి పోలీసు దళం గార్డా షీఖానా 1922లో ఏర్పడింది, యూనిఫాంలో ఉండేవాళ్ల దగ్గర మామూలుగా తుపాకీ ఉండదు. 2012, 2013ల్లో నూరుకు పైగా చిన్న స్టేషన్లు మూసేశారు, కాబట్టి 2018 నాటి ఊళ్లో పోలీసే ఉండకపోవచ్చు. అనుమానాస్పద మరణమైతే కరోనర్‌కి (చావు కారణం విచారించే అధికారికి) చెప్పాలి, అంతదాకా శవాన్ని కదపకూడదు. దారి తెరిచేదాకా గది తాళం వేసి, తాళంచెవి ఎవరి దగ్గరుందో పాఠకుడికి చెప్పి ఉంచండి.

ప్ర: కథానాయిక తెలుగు డాక్టర్ అయితే అతికించినట్టు ఉంటుందా? (పాఠకురాలు, వరంగల్)

ఉండదు, ఐరిష్ ఆసుపత్రుల్లో మన డాక్టర్లు చాలామందే ఉన్నారు. జూనియర్ డాక్టర్లు జనవరి, జులైల్లో ఆసుపత్రులు మారుతుంటారు. జనవరిలో కొత్త చోట చేరి, మార్చిలో మంచుకి దారిలో చిక్కుకున్న మనిషి అనండి, ఊరికి ఆమె కొత్త, ఆమెకి ఊరు కొత్త. చావు నిర్ధారించగలదు, కానీ చలిలో పడున్న శవాన్ని చూసి "పది గంటల ఇరవై నిమిషాలకి చనిపోయాడు" అని చెప్పించకండి. చలికి శరీరం చల్లబడే వేగం, బిగుసుకునే వేగం రెండూ మారిపోతాయి. రెండు మూడు గంటల అటూఇటూ చెప్పడమే నిజాయితీ, కథకి కూడా అదే మంచిది. పలకరింపులు జాగ్రత్త: పబ్‌లో అందరూ పేరు పెట్టే పిలుచుకుంటారు, ఫాదర్‌ని మాత్రం ఫాదర్ అంటారు. "గారు" ఆమె మనసులో మాటల్లోనే రావాలి.

ప్ర: పబ్‌లో తాగనివాడు ఉంటే వింతగా ఉంటుందా? (పాఠకుడు, తిరుపతి)

ఉండదు. మీరు గమనించారో లేదో, 1947 తుఫానూ 2018 తుఫానూ రెండూ ఈస్టర్ ముందటి నలభై రోజుల ఉపవాస కాలంలోనే వచ్చాయి. 1947లో ఆ కాలం ఫిబ్రవరి 19న, 2018లో ఫిబ్రవరి 14న మొదలైంది. ఆ రోజుల్లో మందు మానేస్తామని మొక్కుకునేవాళ్లు కొందరుంటారు. 1898 నుంచి ఉన్న పయనీర్ మద్యనిషేధ సంఘం వాళ్లయితే ఎప్పుడూ తాగరు, కోటుకి చిన్న బ్యాడ్జి పెట్టుకుంటారు. నిమ్మరసం గ్లాసుతో మూల కూర్చున్న ఆ మనిషి ఒక్కడే రాత్రంతా ఒళ్లు తెలిసి ఉన్న సాక్షి. లేదా, ఎవరి వంతు రౌండ్‌లో అతని ముందు స్టౌట్ గ్లాసు చేరిందో, అందులో ఎన్ని గీతలున్నాయో చూడండి.