ప్రాథమిక హక్కు అంటే చిన్న హక్కా?

సందేహం: మాస్టారూ, నమస్కారం. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరండి. మా పాప టెన్త్. సోషల్ చదువుతూ "ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అంటే చిన్నాసుపత్రి కదమ్మా, జబ్బు ముదిరితే విజయనగరం పెద్దాసుపత్రికి పంపేస్తారు కదా, మరి ప్రాథమిక హక్కులంటే చిన్న హక్కులా, వాటి పైన పెద్ద హక్కులు వేరే ఉంటాయా" అని అడిగింది. నాకు చెప్పడం రాలేదు. ఇంకోటి, ప్రాథమికమా ప్రాధమికమా? స్కూల్ గోడ మీద ఒకలా, పుస్తకంలో ఒకలా ఉంది.

సమాధానం: అమ్మా, ముందు అక్షరం సంగతి చూద్దాం, ఎందుకంటే అర్థం కూడా అక్కడి నుంచే వస్తుంది. సమాజం నుంచి సామాజికం, లోకం నుంచి లౌకికం వచ్చినట్టే ప్రథమ నుంచి ప్రాథమికం వచ్చింది, కాబట్టి థ నే. మన నోట్లో థ, ధ తేడా పెద్దగా వినపడదు, కథని కధ అనేస్తాం, అలా పలకడం తప్పని నేననను, వాడుక భాష కోసం కొట్లాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టింది మన సిక్కోలు వైపు పర్వతాలపేటలోనే కదా. కానీ రాసేటప్పుడు మాత్రం ప్రథమ అంటే మొదటిది, ప్రధాన అంటే ముఖ్యమైనది, రెండూ కలపకూడదు. రాష్ట్రపతి ప్రథమ పౌరులు, ప్రధాన మంత్రి వేరు, ఇలా చెప్తే పాపకి గుర్తుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. మొదటిది అన్నదాంట్లో రెండు రకాలున్నాయమ్మా. మెట్లలో మొదటి మెట్టు ఒకటి, ఇంటికి మొదట వేసే పునాది ఇంకోటి. మెట్టు దాటి పైకెళ్ళిపోతాం, పునాదిని దాటం, ఇల్లంతా దాని మీదే ఉంటుంది. ఆరోగ్య కేంద్రం ముందున్న ప్రాథమిక మెట్టు, హక్కుల ముందున్నది పునాది. ఇంగ్లీషులో ప్రైమరీ, ఫండమెంటల్ అని రెండు మాటలుంటే మనం రెంటికీ ఒకటే వాడేసుకున్నాం, పాపకొచ్చిన చిక్కు అదే. హిందీవాళ్ళు మౌలిక్ అధికార్ అంటారు. మౌలిక అన్న మాట మనకీ ఉంది, రాజ్యాంగం పునాదిని పార్లమెంటు కూడా మార్చకూడదని 1973లో సుప్రీంకోర్టు ఇచ్చిన కేశవానంద భారతి తీర్పు గురించి రాసినప్పుడల్లా రాజ్యాంగ మౌలిక స్వరూపం అనే రాస్తాం. అధికార్ మాత్రం మనకి నప్పదు. తెలుగులో అధికారం ఎమ్మార్వో గారి చేతిలో ఉండేది, హక్కు ఆయన ఎదురుగా కాగితం పట్టుకుని నిలబడ్డ మనిషిది. ఉర్దూ మీదుగా వచ్చిన అరబ్బీ మాటే అయినా హక్కు అన్నంత గట్టిగా ఇంకో మాట నాకు కనపడదు.

ప్రాథమిక అన్న మాటకి బలమెంతో ఆస్తి హక్కు చూస్తే తెలుస్తుంది. 1950లో రాజ్యాంగం అమల్లోకొచ్చినప్పుడు మూడో భాగంలో ఏడు రకాల హక్కులుండేవి, ఆస్తి హక్కు వాటిలో ఒకటి. 1978లో 44వ సవరణతో దాన్ని అక్కణ్ణించి తీసి 300ఎ ఆర్టికల్లో పెట్టారు. హక్కు పోలేదు, చట్టం లేకుండా ఎవరి ఆస్తీ లాక్కోడానికి ఇప్పటికీ లేదు, కానీ పక్కనున్న ప్రాథమిక అన్న మాట పోయింది. దాంతో ఏమైందంటే రేపు కాలువకో రోడ్డుకో మీ పొలం తీసుకుంటే హైకోర్టుకి వెళ్ళొచ్చు గానీ, ఆస్తి హక్కు పోయిందని 32వ ఆర్టికల్ కింద తిన్నగా సుప్రీంకోర్టు తలుపు తట్టలేరు. ఆ 32నే అంబేడ్కర్ గారు రాజ్యాంగానికి గుండె, ఆత్మ అన్నారు. ప్రాథమిక హక్కుకి అడ్డొచ్చిన చట్టం చెల్లదని 13వ ఆర్టికల్ చెప్తుంది. ఇవి చిన్న హక్కులెలా అవుతాయమ్మా? పాపకి పునాది హక్కులు అని చెప్పండి, పరీక్షలో మాత్రం ప్రాథమిక హక్కులు అనే రాయమనండి, పుస్తకాల్లో స్థిరపడిపోయింది, ఇప్పుడు మార్చక్కర్లేదు.

ఒక్క చోట మాత్రం ఈ మాట వల్ల నిజంగా నష్టముంది. "ప్రాథమిక విద్య ప్రాథమిక హక్కు" అని రాసేస్తుంటారు. మనూళ్ళలో ప్రాథమిక పాఠశాల అంటే ఐదో తరగతి దాకానే కదా, అది చదివినవాళ్ళు హక్కు ఐదుతో అయిపోయిందనుకుంటే తప్పు వాళ్ళది కాదు. 2002లో 86వ సవరణతో వచ్చిన 21ఎ ఆర్టికల్లో ఉన్నది ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా ఉచిత నిర్బంధ విద్య, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యా హక్కు చట్టం ప్రకారం అది ఎనిమిదో తరగతి దాకా. మీ వీధిలో ఐదవగానే బడి మానిపించేద్దామనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ సంగతి చెప్పండమ్మా.