ఆస్ట్రేలియా నుంచి వేప్ తెప్పించుకోవచ్చా? రెండు రకాల రోజులూ చూసినవాడిగా నా జవాబు

అన్నయ్య మెల్‌బోర్న్ నుంచి సింగపూర్ మీదుగా హైదరాబాద్ వస్తున్నాడు, వచ్చేటప్పుడు రెండు వేప్‌లు (బ్యాటరీతో లిక్విడ్‌ను వేడిచేసి ఆవిరి పీల్చే ఈ-సిగరెట్లు) తెమ్మనొచ్చా, ఇక్కడ వాడితే పోలీసులు పట్టుకుంటారా, సిగరెట్ మానడానికి అవి నిజంగా పనికొస్తాయా, ఇవీ మీరు అడిగినవి. మొదటిదానికి జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు: తెమ్మనకండి. మిగతా రెండింటికీ కాస్త ఎక్కువ రాయాలి. వేప్ షాపులో బిల్లుతో దొరికిన రోజుల్లోనూ వాడాను, వాట్సాప్‌లో దొంగచాటుగా దొరికిన రోజుల్లోనూ వాడాను. ఇప్పుడు అదీ లేదు, సిగరెట్టూ లేదు.

ముందు ప్రయాణం సంగతి. సింగపూర్‌లో వేప్ అమ్మడమే కాదు, 2018 ఫిబ్రవరి నుంచి జేబులో ఉండటం కూడా నేరమే. ఆపరేషన్ థియేటర్‌లో మత్తు ఇవ్వడానికి వాడే ఎటోమిడేట్ అనే మందును కొన్ని వేప్‌లలో కలిపి అమ్ముతున్నారని తేలాక 2025 సెప్టెంబర్ నుంచి ఇంకా బిగించారు. మామూలు వేప్‌తో మొదటిసారి పట్టుబడిన పెద్దవాళ్లకు 700 సింగపూర్ డాలర్ల జరిమానా, ఎటోమిడేట్ ఉన్నదైతే అది డ్రగ్స్ కేసే. మేం ఊరికే విమానం మారతాం, బయటికి పోం కదా అంటారు చాలామంది. ఛాంగి ఎయిర్‌పోర్టులో అధికారి ముందు నిలబడి ఆ మాట చెప్పుకోవాల్సిన అవసరం మీ అన్నయ్యకు ఎందుకు చెప్పండి. పైగా అందులో లిథియం బ్యాటరీ ఉంటుంది కాబట్టి లోపలికి వేసే సూట్‌కేసులో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి, అంటే దారిలో ప్రతి స్కానర్ దగ్గరా కనబడుతుంది.

శంషాబాద్‌లో దిగాక మన చట్టం. 2019 సెప్టెంబర్ 18న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది, నిర్మలా సీతారామన్ ప్రెస్‌మీట్‌లో ప్రకటించారు, డిసెంబర్‌కల్లా అదే చట్టమైపోయింది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధం. మొదటిసారికి ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, రెండూ పడొచ్చు. మళ్లీ దొరికితే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. నిల్వ పెట్టినందుకు విడిగా ఆరు నెలల వరకు జైలు లేదా 50 వేల వరకు జరిమానా, రెండూ పడొచ్చు. నికోటిన్ లేదు, ఉత్త ఫ్లేవరే అన్నా తప్పించుకోలేరు, ఎందుకంటే నికోటిన్ ఉన్నా లేకపోయినా వేడిచేసి ఆవిరి పీల్చే ప్రతి పరికరమూ చట్టం చెప్పే ఈ-సిగరెట్ నిర్వచనంలోకి వస్తుంది, ఈ-హుక్కాతో సహా. మొత్తం పరికరమే కాదు, దాని విడిభాగాలు కూడా. కాబట్టి వేప్ వద్దులే, ఉత్త కార్ట్‌రిడ్జ్‌లు (లిక్విడ్ నింపిన గొట్టాలు) తెస్తాడు అనే ఐడియా కూడా పనిచేయదు.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న, వాడితే నేరమా? ఆ నిషేధాల పట్టికలో 'వాడకం' అనే మాట లేదు. దీన్ని పట్టుకుని మా ఫ్రెండ్స్‌లో సగం మంది లాయర్లయిపోయారు. వాడటం నేరం కాదు బాబాయ్, అమ్మడమే నేరం అని ధీమాగా చెబుతారు. సరే, మరి అది మీ చేతికి ఎలా వచ్చింది? ఆకాశంలోంచి ఊడిపడలేదుగా. విదేశం నుంచి వస్తే దిగుమతి, ఊళ్లోంచి వస్తే ఎవరో అమ్మారు, ఎవరో మోసుకొచ్చారు. మీ అన్నయ్య చేసేది సరిగ్గా దిగుమతే, ఒకటా వందా అన్న తేడా ఆ సెక్షన్‌లో లేదు. ఎస్సై స్థాయి, ఆ పైన ఉన్న పోలీసు అధికారికి వారెంట్ లేకుండా సోదా చేసి స్వాధీనం చేసుకునే అధికారం ఉంది. ఆచరణలో ఎయిర్‌పోర్టులో తీసి పక్కన పడేసి పంపేస్తారా, కేసు రాస్తారా అన్నది ఆ రోజు ఎదురైన మనిషిని బట్టి ఉంటుంది. అన్నయ్య వీసాల మీద తిరిగే మనిషి, ఆయన పేరు మీద కేసు కాగితం ఏదీ లేకుండా ఉంటేనే మంచిది.

చట్టం మాట అటుంచి, నాకు ఇంతకన్నా పెద్దగా కనిపించే సమస్య వేరే ఉంది. అన్నయ్య తెచ్చేది మంచి సరుకే అనుకుందాం. ఆస్ట్రేలియాలో 2024 జూలై నుంచి వేప్‌లు మందుల షాపుల్లో మాత్రమే అమ్మాలి, ఆ అక్టోబర్ నుంచి 18 దాటినవాళ్లు ఫార్మసిస్టుతో మాట్లాడి ప్రిస్క్రిప్షన్ లేకుండా కొనుక్కోవచ్చు, అదీ మిల్లీలీటర్‌కు 20 మిల్లీగ్రాముల నికోటిన్ లోపు ఉన్నవే, పుదీనా, మెంథాల్, పొగాకు రుచులు తప్ప ఇంకేవీ లేవు. ఇలాంటివి రెండు తెచ్చాడు. ఎన్నాళ్లొస్తాయి? అవి అయిపోయిన రోజు మీకు సిగరెట్ అలవాటు పోయి వేప్ అలవాటు ఉంటుంది, ఇక్కడ దాన్ని అమ్మే మందుల షాపు లేదు, మెహదీపట్నంలోనో మాదాపూర్‌లోనో ఒక వాట్సాప్ నంబర్ మాత్రం ఉంటుంది. మనలాంటివాళ్లందరి కథా చివరికి ఆ నంబర్ దగ్గరికే చేరుతుంది.

2019కి ముందు నేను హైదరాబాద్‌లో షాపుకు వెళ్లి కొన్నవాణ్ణే. అప్పటి పరికరం అరచేతిలో ఇటుకలా ఉండేది, పైన లిక్విడ్ పోసే గాజు ట్యాంకు, లోపల వేడెక్కే తీగ చుట్ట, అదే కాయిల్, దానికి ఆనుకుని దూది. కొత్త కాయిల్ వేస్తే ముందు దూది మీద నాలుగు చుక్కలు లిక్విడ్ వేసి కాసేపు నాననివ్వాలి, తొందరపడి నొక్కితే దూది మాడి గొంతులో పడే ఆ రుచి రోజంతా పోదు. లిక్విడ్ సీసా మీద ఎంత నికోటిన్ ఉందో రాసి ఉండేది, నేను మిల్లీలీటర్‌కు 6 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 3కి దిగాను. షాపులో కుర్రాడే నెమ్మదిగా దిగమని చెప్పేవాడు. అమ్మకైతే అదేదో చార్జర్ అనే నమ్మకం, దుమ్ము దులిపి టీవీ పక్కన పెట్టేది.

నిషేధం వచ్చాక ఆ సీసాలు, కాయిళ్లు మాయమైపోయాయి, వాడిపారేసే డిస్పోజబుల్స్ వచ్చాయి. నిషేధం వల్లే ఇలా అయిందని అనను, ప్రపంచమంతా అప్పుడు అటే పోతోంది. కానీ ఈ కొత్తవాటి మీద 5 శాతం అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, అంటే మిల్లీలీటర్‌కు 50 మిల్లీగ్రాములు. నేను 3కి దిగిన మనిషిని, నా చేతికి 50 వచ్చింది. పాత లిక్విడ్‌లో 50 వేసి పీలిస్తే దగ్గి దగ్గి చచ్చేవాళ్లం. వీటిలో ఉండేది నికోటిన్ సాల్ట్, బెంజోయిక్ యాసిడ్ కలపడం వల్ల గొంతులో మంట తెలీదు, మామిడిపండు రసంలా మెత్తగా దిగిపోతుంది. గొంతు పట్టుకోదు కాబట్టి ఆపాలనీ అనిపించదు. పది మిల్లీలీటర్ల డిస్పోజబుల్‌లో 500 మిల్లీగ్రాముల నికోటిన్. ఒక సిగరెట్ నుంచి ఒంట్లోకి చేరేది సుమారు ఒకటి, ఒకటిన్నర మిల్లీగ్రాములు. వేప్‌లో ఉన్నదంతా ఒంటికి చేరదు, అది వేరే సంగతి, అయినా లెక్క మీరే చూసుకోండి.

ఇదీ నమ్మకంగా చెప్పలేం, ఎందుకంటే ఆ 5 శాతం అని రాసింది ఎవరో తెలీదు. ఆ వాట్సాప్ నంబర్‌వాడు బైక్ మీద వచ్చి బిస్కెట్ల కవర్లో ఇచ్చి పోయేవాడు. అట్ట మీద గీకితే కనబడే కోడ్ ఉంటుంది, క్యూఆర్ స్కాన్ చేస్తే ఏదో వెబ్‌సైట్ తెరుచుకుని పచ్చ టిక్ మార్కుతో 'అసలైనది' అని చూపిస్తుంది. ఒకసారి డౌటొచ్చి గీకిన కోడ్‌కు బదులు నోటికొచ్చిన అంకెలు కొట్టాను. దానికీ పచ్చ టిక్కే. అట్టపెట్టెతో పాటు వెబ్‌సైట్ కూడా డూప్లికేట్ చేశారన్నమాట, ఆ శ్రద్ధకు మెచ్చుకోవాల్సిందే. ఏమున్నా ఫిర్యాదు ఎవరికి చేస్తాం, వినియోగదారుల కోర్టుకు పోయి నేను కొన్న నిషేధిత వస్తువు నకిలీదండీ అని చెబుతామా?

లోపల ఏముందో తెలియకపోతే ఏమవుతుందనేది 2019లో అమెరికా చూసింది. వేప్‌లు పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతిని 2020 ఫిబ్రవరి నాటికి 2,800 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. ఎక్కువ భాగం బయట దొరికే గంజాయి సారం కార్ట్‌రిడ్జ్‌ల వల్ల, వాటిని చిక్కగా చూపించడానికి కలిపిన విటమిన్ ఈ ఎసిటేట్ వల్ల అని తేల్చారు. మామూలు నికోటిన్ వేప్‌కూ దానికీ తేడా ఉంది, భయపెట్టడానికి చెప్పడం లేదు. ఎవడు కలిపాడో తెలియని ద్రవాన్ని ఊపిరితిత్తుల్లోకి పంపడం అనేది మాత్రం రెండింటికీ ఒకటే.

ఇక సిగరెట్ మానడానికి పనికొస్తుందా అంటే, పనికొస్తుందని చెప్పే గట్టి ఆధారాలే ఉన్నాయి, ఇది దాచి మాట్లాడితే మీరు రేపు గూగుల్ చేసి నన్ను నమ్మరు. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవే సిగరెట్ మానేవాళ్లకు వేప్‌ను ఒక మార్గంగా చెబుతుంది. నికోటిన్ గమ్, ప్యాచ్‌ల కన్నా నికోటిన్ వేప్‌తో మానేసేవాళ్లు ఎక్కువని, వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష కూడా తేల్చింది. కానీ బ్రిటన్‌లో నికోటిన్ మిల్లీలీటర్‌కు 20 మిల్లీగ్రాములు దాటకూడదు, ట్యాంకు 2 మిల్లీలీటర్లు మించకూడదు, డిస్పోజబుల్స్‌ను 2025 జూన్ 1 నుంచి వాళ్లూ నిషేధించారు, పిల్లలు వాడుతున్నారనీ చెత్త పెరుగుతోందనీ. ఆ అధ్యయనాల్లో వాడిన వస్తువు వేరు, బిస్కెట్ల కవర్లో మనకు వచ్చే వస్తువు వేరు. అక్కడి లాభాన్ని చూపించి ఇక్కడి సరుకు కొనుక్కోవడం కుదరదు.

సిగరెట్‌కు ఒక మంచి గుణం ఉందని వేప్ వాడాకే తెలిసింది, అది అయిపోతుంది. వెలిగించాలంటే కిందికి దిగాలి, టీ కొట్టు దాకా పోవాలి, కాలి చివరికి వస్తుంది, పడేసి పైకి వస్తాం. వేప్‌కు దిగడం లేదు, అయిపోవడం లేదు, వాసన లేదు. మంచం మీద, కారులో, మీటింగ్‌లో కెమెరా ఆఫ్ చేసి, ఆఫీస్ వాష్‌రూమ్‌లో (అక్కడ స్మోక్ అలారం మోగి ఫ్లోర్ మొత్తం మెట్లు దిగిన రోజు ఒకటుంది, ఎవరి పని అని అడగకండి). రాత్రి మెలకువ వచ్చినా చెయ్యి దిండు కింద వెతుక్కునేది.

నిషేధం గురించి నా అభిప్రాయం అడిగితే, పిల్లల కోసమైనా అమ్మకం ఆపాల్సిందే. మా అక్క కొడుకు టెన్త్, వాడి క్లాసులో ఒకడి పెన్సిల్ బాక్సులో హైలైటర్ పెన్ను పక్కన హైలైటర్ లాంటిదే ఇంకోటి దొరికింది, టీచర్ మూత తీయబోతే రాలేదు, అప్పుడు బయటపడింది. జీవితంలో సిగరెట్ ముట్టని పిల్లాడు వాడు, పుచ్చకాయ రుచితో మొదలుపెట్టాడు. కానీ అదే స్కూలు వీధి మలుపులో పాన్ డబ్బాలో విడి సిగరెట్లు దర్జాగా అమ్ముతున్నారు. విద్యాసంస్థలకు వంద గజాల లోపు, 18 ఏళ్ల లోపువాళ్లకు అమ్మకూడదని 2003 పొగాకు నియంత్రణ చట్టంలోనే ఉంది, ఎవరు ఆపారు? 2016-17 జాతీయ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. కొత్తగా వచ్చినదాన్ని నిషేధించడం తేలిక, పాతదాని జోలికి పోవడం కష్టం, సిగరెట్ పన్నులూ, సిగరెట్లు తయారుచేసే ఐటీసీలో ప్రభుత్వ బీమా సంస్థ ఎల్ఐసీ వాటాలూ ఎవరికీ తెలియనివి కావు.

మరి ఏం చేయాలంటే, నాకు పనిచేసింది నికోటిన్ గమ్. 2 మిల్లీగ్రాములది మందుల షాపులో చీటీ లేకుండా ఇస్తారు, పుదీనా, పాన్ రుచుల్లో ఉంటుంది. దాన్ని బబుల్‌గమ్‌లా నమిలి మింగేసి, ఎక్కిళ్లొచ్చాయి, కడుపులో మండింది, పనికిరాదు అని పారేసేవాళ్లే ఎక్కువ. నమలడం కాదు అసలు పని. నెమ్మదిగా నాలుగైదు సార్లు కొరికితే మిరియం నాలుక మీద పెట్టినట్టు చురుక్కుమంటుంది, అప్పుడు ఆపేసి చెంపకూ చిగుళ్లకూ మధ్య పెట్టుకోవాలి. ఆ చురుకు తగ్గాక మళ్లీ రెండు కొరుకులు, ఈసారి ఇంకో వైపు. అలా అరగంట. నికోటిన్ నోటి లోపలి పొరలోంచే ఎక్కుతుంది, కడుపులోకి పోతే దండగ. టీ, కాఫీ తాగాక పావుగంట ఆగి వేసుకోండి, లేకపోతే సరిగా ఎక్కదు, మనకు సిగరెట్ గుర్తొచ్చేది సరిగ్గా టీ తాగాకే కాబట్టి ఈ పావుగంటే అన్నిటికన్నా కష్టం, నేను ఆ టైంలో సోంపు నమిలేవాణ్ణి.

పొగాకు మానేవాళ్లకు ఫోన్‌లో సలహా ఇచ్చే ప్రభుత్వ క్విట్‌లైన్ 1800-11-2356 ఉంది, ఉచితం, మానాల్సిన తేదీ పెట్టుకోమంటారు. నాకు మొదట నవ్వొచ్చింది గానీ తేదీ ఇంట్లో చెప్పేశాక వెనక్కి పోవడానికి మొహం చెల్లలేదు. ఇంకో సంగతి, పొద్దున లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించే అలవాటు మీకుంటే 2 మిల్లీగ్రాముల గమ్ ఆనదు. 4 మిల్లీగ్రాములదానికి డాక్టర్ చీటీ కావాలి, కాబట్టి నేరుగా డాక్టర్ దగ్గరికే వెళ్లండి, గమ్ కాకుండా మాత్రలు కూడా ఉన్నాయి, బీపీ, గుండె సంగతులు ఏవైనా ఉంటే అక్కడే చెప్పేయండి.