పారాగ్లైడింగ్ పోటీలో గగనతలాన్ని సురక్షితంగా పంచుకోవడం ఎలా?

మీ క్లబ్బు తొలిసారి నిర్వహించే పోటీలో అరవై మంది ఒకేసారి ఎగురుతారనీ, పక్కనే విమానాశ్రయ నియంత్రిత గగనతలం ఉందనీ, ముందుగా దేనిమీద దృష్టి పెట్టాలనీ అడిగారు. కొన్ని పోటీల్లో భద్రతా కమిటీ సభ్యుడిగా ఉన్నాను. నిర్వాహకుల భయమంతా విమానాల మీదే ఉంటుంది గానీ, నేను చూసినంతలో ఒళ్లు జలదరించే సందర్భాలు ఎక్కువగా రేసు మొదలు కాకముందే, స్టార్ట్ కోసం వేచి ఉండే సమయంలోనే ఎదురయ్యాయి.

అప్పుడు అందరూ పైకి లేచే వెచ్చని గాలి ప్రవాహాలైన ఒకటి రెండు థర్మల్స్‌లోనే చుట్లు తిరుగుతూ, స్టార్ట్ సిలిండర్ (రేసు మొదలయ్యే ఊహాత్మక వృత్తాకార హద్దు) అంచుకు వీలైనంత దగ్గరగా, వీలైనంత ఎత్తున ఉండాలని చూస్తారు. ఎదురెదురుగా వచ్చే రెండు గ్లైడర్లు గంటకు 40 కిలోమీటర్ల చొప్పున ఎగురుతుంటే వాటి మధ్య దూరం సెకనుకు 22 మీటర్లు తగ్గిపోతుంది. అందుకే టేకాఫ్ పరిసరాల్లో ఆ రోజు ఎడమవైపు తిరగాలో కుడివైపు తిరగాలో ఉదయం బ్రీఫింగ్‌లోనే ప్రకటించి (సరి తేదీకి ఒకటి, బేసి తేదీకి మరొకటి అనుకుంటే ఎవరూ మరచిపోరు), పాటించనివారికి పాయింట్లు తగ్గించండి. ఆ పరిధి దాటాక, థర్మల్‌లోకి మొదట చేరినవారు తిరిగే దిశలోనే మిగతావారు తిరగాలి. కిందినుంచి వేగంగా పైకి వస్తున్నవారికి పైనున్నవారే దారి ఇవ్వాలి, ఎందుకంటే కిందివారికి తమ రెక్కే అడ్డుపడి పైన ఎవరున్నారో కనిపించదు. ఈ నియమాలకంటే టాస్క్ (ఆ రోజు ఎగరాల్సిన మార్గం) కూర్పే ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం: సిలిండర్ వ్యాసార్ధాన్ని పెంచి, దాని అంచు వెంట ఒకటికి మించి థర్మల్స్ దొరికేలా చూస్తే గుంపు దానంతటదే పలచబడుతుంది.

నియంత్రిత గగనతలం విషయంలో పౌర విమానయాన అధికారులను చాలా ముందుగా సంప్రదించి, పోటీ ప్రాంతానికి నోటమ్ (పైలట్లకు ఇచ్చే అధికారిక హెచ్చరిక ప్రకటన) జారీ అయ్యేలా చూసుకోండి. చిక్కంతా ఎత్తును కొలిచే పద్ధతిలో ఉంటుంది. విమానాల ఎత్తును తెలిపే ఫ్లైట్ లెవెల్స్‌ను 1013.25 హెక్టోపాస్కల్స్ ప్రామాణిక పీడనం ఆధారంగా లెక్కిస్తారు. సముద్రమట్ట పీడనం అంతకంటే పది హెక్టోపాస్కల్స్ ఎక్కువగా ఉంటే, ఆ ఒక్క కారణంగానే సుమారు 80 మీటర్ల తేడా వస్తుంది. వేడి రోజుల్లో జీపీఎస్ చూపే ఎత్తుకూ పీడనాన్ని బట్టి లెక్కించే ఎత్తుకూ మధ్య కూడా గణనీయమైన వ్యత్యాసం ఉంటుంది. కాబట్టి పైలట్ ఎగిరిన దారిని నమోదు చేసే ట్రాక్ లాగ్‌లో ఏ ఎత్తును పరిగణిస్తారో నిబంధనల్లోనే రాసి, అసలు హద్దుకు కొంత దిగువన పోటీ హద్దును నిర్ణయించండి. దాన్ని దాటినవారికి ఆ రోజు స్కోరు సున్నా చేయడం కఠినంగా తోచవచ్చు. నామమాత్రపు జరిమానా అయితే మాత్రం కొందరు దాన్ని లాభనష్టాల లెక్కలో వేసుకుంటారు.

రక్షణ హెలికాప్టర్ వచ్చే అవకాశాన్ని కూడా మరవకండి. ఎవరైనా రిజర్వ్ పారాచూట్ తెరవాల్సి వస్తే ఏ రేడియో ఛానల్‌లో చెప్పాలో, టాస్క్ ఆపే అధికారం ఎవరిదో, హెలికాప్టర్ దగ్గరపడే లోపు మిగతావారు ఏ దిశగా తప్పుకోవాలో పైలట్లందరికీ టేకాఫ్‌కు ముందే తెలిసి ఉండాలి.